ఎండకు ఒక గడి

మా పరుగుల సంఘం ఫలితాల పట్టిక ఆరేళ్ళుగా నా చేతిలోనే ఉంది. నన్నెవరూ ఎన్నుకోలేదు. సంఘం పెట్టిన కొత్తలో ఒక ఆదివారం విజయవాడ గాంధీనగర్‌లో ఇడ్లీలు తింటూ, ఎవరు ఎంతసేపట్లో పూర్తిచేశారో ఎవరైనా రాసిపెడితే బాగుంటుందని నోరు జారాను. ఆ పని నా నెత్తినే పడింది. అప్పటినుంచి ఏ ఊళ్ళో పోటీ జరిగినా, మావాళ్ళు గీత దాటి బూట్ల తాళ్ళు విప్పకముందే నాకు ఫోను చేస్తారు. పేరు, దూరం, సమయం, స్థానం. నాలుగు గళ్ళు. పదకొండు గంటలకల్లా పట్టిక సంఘం వాట్సాప్‌లో కనిపించాలి. లేకపోతే పన్నెండింటికి అలకలు మొదలవుతాయి.

డిసెంబరు, జనవరి పట్టికలతో నాకు పేచీ లేదు. తెల్లవారుజామున కృష్ణ మీద మంచు పట్టి ఉంటుంది, మొదటివాడు ఏ గాలిలో పరుగెత్తాడో చివరివాడూ ఇంచుమించు అదే గాలిలో పరుగెత్తుతాడు. పేచీ అంతా ఏప్రిల్ నుంచి మృగశిర కార్తె దాకా వచ్చే పట్టికలతోనే. ఆ రెండున్నర నెలల్లో విజయవాడలోనో గుంటూరులోనో జరిగే అయిదు, పది కిలోమీటర్ల రోడ్డు పోటీల ఫలితాలను అవే నాలుగు గళ్ళలో కూర్చి పంపుతూంటే, అంకెలన్నీ సరిగ్గా వేసి కూడా లెక్క తప్పిన గుమాస్తాలా ఉండేది నా పరిస్థితి. అందుకే ఈ వేసవి నుంచి అయిదో గడి గీశాను. దాని పేరు ఎండ. సంఘంలో సగంమందికి అది నచ్చలేదు. కొందరు దానికి సాకుల గడి అని పేరు పెట్టారు. పేరు బాగానే ఉంది, గడి మాత్రం తీసేది లేదు.

దీనికి బీజం పోయిన ఏడాది మే నెలలో ఒక ఆదివారం పడింది. స్టేడియం దగ్గర బయలుదేరి, బందరు రోడ్డు పట్టుకుని, ప్రకాశం బ్యారేజీ అవతలి కొస దాకా వెళ్ళి అదే దారిన తిరిగి రావాలి. పది కిలోమీటర్లు. అయిదుంబావుకు జెండా ఊపుతామని కరపత్రంలో వేశారు. ఆ సమయం ఎవరు నిర్ణయించారో గాని తెలిసినవాళ్ళే. మే మూడో వారంలో మన ఊళ్ళో పొద్దు పొడిచేది సుమారు 5 గంటల 35 నిమిషాలకు. అయిదుంబావుకు వదిలితే మొదటి ఇరవై నిమిషాలు ఎండ ఊసే ఉండదు.

కానీ ముఖ్య అతిథి రాలేదు. ‘మరో రెండు నిమిషాల్లో’ అని మైకులో ఎన్నిసార్లు విన్నామో చెప్పలేను. ఈలోపు జనం విసుగెత్తకుండా వేదిక మీద జుంబా మొదలుపెట్టారు. ఉక్కలో గంతులు వేయించి, పరుగు మొదలుకాకముందే చొక్కాలు పిండుకునే స్థితికి తెచ్చారు. చివరికి 5 గంటల 55 నిమిషాలకు కారు వచ్చింది, దండ పడింది, జెండా ఊగింది. అప్పటికి దుర్గమ్మ కొండ అంచున రాళ్ళు ఎర్రబడుతున్నాయి.

ఇక్కడ కొంచెం లెక్క వేయనివ్వండి, నా వాదనంతా ఈ లెక్క మీదే నిలబడింది. లబ్బీపేటలో కుట్టుపని దుకాణం నడిపే తమ్ముడు ఒకడున్నాడు మా సంఘంలో, మా అందరిలోకీ వేగం అతనిది. ఆ రోజు 44 నిమిషాల్లో పూర్తిచేసి తన వయసు విభాగంలో రెండోవాడుగా నిలిచాడు. మా టీచరమ్మ గారికి అరవై రెండేళ్ళు, పదవీ విరమణ తర్వాతే పరుగు మొదలుపెట్టారు. ఆమెకు గంటా 32 నిమిషాలు పట్టింది. చెప్పిన సమయానికి జెండా ఊపి ఉంటే తమ్ముడు ఆరు కొట్టకముందే గీత దాటేవాడు. అతను చూసే సూర్యుడు మేడల వెనుక నుంచి తొంగిచూసే సూర్యుడు. ఆలస్యమయ్యాక కూడా అతను 6 గంటల 39 నిమిషాలకు నీడలో కూర్చుని కొబ్బరి నీళ్ళు తాగుతున్నాడు. టీచరమ్మ గారు అప్పటికి ఇంకా బ్యారేజీ మీద ఉన్నారు. ఏడున్నరకు ఆమె గీత దాటేసరికి పొద్దు పొడిచి రెండు గంటలు కావస్తోంది. బ్యారేజీ గురించి తెలియనివారికి చెప్పాలి: 1,223 మీటర్ల పొడవున ఎక్కడా చెట్టు నీడ ఉండదు. ఒకవైపు నిలిచిన నీళ్ళ మీద నుంచి ఎండ తిరిగి ముఖాన కొడుతుంది, రెండోవైపు మే నెలలో మిగిలేది ఇసుక. 1957లో కట్టినవాళ్ళు కాలువలకు నీళ్ళు మళ్ళించడానికి, బండ్లు నడవడానికి కట్టారు గాని అరవై రెండేళ్ళ ఆడమనిషి ఎండలో పరుగెత్తడానికి కాదు కదా.

పట్టికలో ఇద్దరికీ ఒకే పోటీ, ఒకే తేదీ, ఒకే దూరం. 44 నిమిషాలు, 92 నిమిషాలు. ఆమె సగం వేగంతో పరుగెత్తారని మాత్రమే ఆ అంకెలు చెబుతాయి. ఇద్దరూ వేర్వేరు వాతావరణాల్లో పరుగెత్తారన్న సంగతి ఏ గడిలోనూ లేదు.

అయిదో గడి సంగతి మొదటిసారి ఎత్తినప్పుడు తమ్ముడు అన్నమాట అందరికీ నచ్చింది: ‘ఎండ అందరి మీదా ఒకటే కదా అన్నయ్యా, నా ఒక్కడి మీద గొడుగు పట్టారా?’ వినడానికి ఎంత సబబుగా ఉందో చూడండి. కానీ నెమ్మదిగా వెళ్ళేవారి మీద ఎండ ఎక్కువసేపు ఉంటుంది, ఎక్కువ తీవ్రంగానూ ఉంటుంది. వాళ్ళు ఆలస్యంగా చేరేకొద్దీ సూర్యుడు పైకి వస్తూనే ఉంటాడు. 2007 అక్టోబరులో చికాగో మారథాన్‌లో ఇదే పెద్ద ఎత్తున జరిగింది. ఆ పోటీ చరిత్రలో అప్పటిదాకా ఎన్నడూ లేని ఎండ, 31 డిగ్రీలు. గెలిచినవాడు 2 గంటల 11 నిమిషాల్లో పూర్తిచేసి వెళ్ళిపోయాడు. కొన్ని చోట్ల నీళ్ళు అయిపోయాయి, జనం పడిపోసాగారు, మూడున్నర గంటలు దాటాక నిర్వాహకులు పోటీనే ఆపేసి వెనుక ఉన్నవాళ్ళను నడిచి రమ్మన్నారు. ముందున్నవాళ్ళకు అదొక వేడి ఉదయం. వెనుకవాళ్ళకు అసలు పోటీయే లేకుండా పోయింది.

తమ్ముడి పక్షాన కూడా ఒక మాట చెప్పాలి, లేకపోతే నేను వకీలునవుతాను. వేగంగా పరుగెత్తే ఒంట్లో నిమిషానికి పుట్టే వేడి ఎక్కువ. పరుగులో వడదెబ్బ తరచుగా కొట్టేది నడిచేవాళ్ళను కాదు, పంతానికి పోయి చివరి రెండు కిలోమీటర్లు బిగించినవాళ్ళను. కాబట్టి ఎండ గడి టీచరమ్మ గారి కోసం పెట్టిన సానుభూతి గడి అని ఎవరైనా అనుకుంటే పొరపాటు. అది తమ్ముడికీ కావాలి. అతని 44 నిమిషాలు జనవరిలో అతను చేసిన 42 నిమిషాల కన్నా గొప్పవని నా అభిప్రాయం. ఆ మాట చెప్పడానికి నాలుగు గళ్ళ పట్టికలో చోటే లేదు. పాపం, అతను మాత్రం ఆ రెండు నిమిషాలు ఎక్కడ పోయాయా అని నెల రోజులు దిగులు పడ్డాడు.

ఎండ అని రాస్తున్నాను గాని, అసలు శత్రువు ఉక్క. ఈ సంగతి బెజవాడ వాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేదు, అయినా పత్రికలో వేసిన అంకె చూసి వాదించేవాళ్ళు మా గుంపులో ఉన్నారు. ‘నిన్న 43 డిగ్రీలు, ఇవాళ పొద్దున 29 డిగ్రీలే, చల్లగానే ఉంది కదా’ అంటారు. ఆ 43 మధ్యాహ్నం నీడలో, గాలి ఆడే చెక్కపెట్టెలో కొలిచిన అంకె. తెల్లవారుజామున 29 డిగ్రీలున్నప్పుడు గాలిలో తడి మధ్యాహ్నం కన్నా చాలా ఎక్కువ. ఒంటికి ఆ తడితోనే పని.

డెబ్బై కిలోల మనిషి పది కిలోమీటర్లు పరుగెత్తితే సుమారు 700 కేలరీలు ఖర్చవుతాయి. అందులో ముప్పాతిక వంతు కదలికగా మారదు, వేడిగా మారి ఒంట్లోనే ఉంటుంది. లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే 580 కేలరీల వేడిని పట్టుకుపోతుంది. అంటే దాదాపు లీటరు చెమట ఆరిపోవాలి, అప్పుడే ఆ పది కిలోమీటర్ల వేడి బయటికి పోతుంది. ఆరిపోవాలి అన్న మాట గమనించండి. మోచేతుల నుంచి బొట్లు బొట్లుగా రోడ్డు మీద పడే చెమట మనిషిని చల్లబరచదు, రోడ్డును తడుపుతుంది, అంతే. గాలి అప్పటికే తడితో నిండి ఉంటే చెమట ఆరదు, కారుతుంది. మన పోటీల్లో ఎంత చెమట కారితే అంత గట్టిగా శ్రమించినట్లు చెప్పుకుంటారు. అలా కారిపోయిన నీరంతా ఒంటికి దక్కనిదేనని చెబితే నమ్మరు.

సూర్యుడు లేకపోయినా ఉక్క ఎంత పని చేస్తుందో 2019లో దోహాలో ప్రపంచమంతా చూసింది. ప్రపంచ అథ్లెటిక్స్ పోటీల్లో మహిళల మారథాన్‌ను వేడికి భయపడి అర్ధరాత్రి వేళ మొదలుపెట్టారు. అయినా ముప్పై డిగ్రీలు దాటిన వేడి, డెబ్బై శాతం పైన తేమ. బయలుదేరిన 68 మందిలో గీత చేరినవాళ్ళు 40 మంది. వాళ్ళంతా దేశాల తరఫున వచ్చినవాళ్ళు, వెంట వైద్యులు, మంచుగడ్డలు ఉన్నవాళ్ళు. మన పది కిలోమీటర్లలో వెంట ఉండేది మధ్యలో ఒక బల్ల, దాని మీద ఎండకు వెచ్చబడిన నీళ్ళ సీసాలు.

క్రీడా వైద్యంలో ఈ మొత్తానికి ఒక కొలత ఉంది. మామూలు థర్మామీటరు ఒకటి, బల్బుకు తడిగుడ్డ చుట్టినది ఒకటి, ఎండలో పెట్టిన నల్లటి గోళంలోది ఒకటి. మూడింటినీ సమానంగా కలపరు. తడిగుడ్డ అంకెకు పదింట ఏడు వంతులు, నల్ల గోళానికి రెండు, మామూలు దానికి ఒక్కటే వంతు. మనం పత్రికలో చదివి గుండెలు బాదుకునే అంకె విలువ అందులో పదో వంతు అన్నమాట. ఈ లెక్క 28 దాటితే రోడ్డు పోటీలను వాయిదా వేసుకోవడం మంచిదని అమెరికాలో క్రీడా వైద్యుల సంఘం చాలా కాలం కిందటే చెప్పింది. ఆ సలహాను మనం అక్షరాలా పాటిస్తే ఏప్రిల్ నుంచి దసరా దాకా బూట్లు అటక మీద పెట్టుకోవాలి. వాళ్ళ ఒళ్ళు వేరు, మన అలవాటు వేరు. అయినా అంకె తెలిసి పరుగెత్తడం ఒకటి, తెలియక పరుగెత్తడం ఒకటి.

నల్ల గోళం నాకు దొరకలేదు. రెండు గాజు థర్మామీటర్లు కొన్నాను, ఒకదానికి మా ఆవిడ పాత నూలు చీర పేలిక చుట్టి తడిపాను. ఈ వేసవి ఏప్రిల్ చివరి పోటీ రోజున, అయిదు గంటలకు, బ్యారేజీ మొదట్లో మామూలుది 29 చూపింది, తడిది 26. నీడలో అయితే ఏడు వంతులు తడిది, మూడు వంతులు పొడిది కలపాలి. దాదాపు 27 వచ్చింది. సూర్యుడు ఇంకా పొడవనే లేదు. పక్కన నడకకు వచ్చిన ఒక పెద్దాయన నన్ను చూసి ‘జ్వరం ఎవరికండీ?’ అని అడిగారు. కృష్ణమ్మకే అనుకోండి అన్నాను.

పోయిన మేలో ఆ ఆదివారం ఇంకొకటి జరిగింది. గడి గీయడానికి అసలు కారణం అదే.

మా సంఘంలో ఒక నర్సు ఉంది. ఆ రోజు రాత్రి డ్యూటీ ముగించుకుని నేరుగా వచ్చింది. రావద్దని ఎవరైనా చెప్పి ఉండాల్సింది, ఎవరమూ చెప్పలేదు. ఎనిమిదో కిలోమీటరు దాటాక బందరు రోడ్డు మీద ఆమెకు ఉన్నట్టుండి ఒళ్ళు గగుర్పొడిచింది. అంత ఉక్కలో చలి పుట్టింది. ఆమె ఆగి, తాళం వేసిన ఒక దుకాణం అరుగు మీద కూర్చుంది. కొబ్బరిబోండాల బండి దించుకుంటున్న ఒకావిడ చూసి బిందెడు నీళ్ళు నెత్తిన పోసి, విసనకర్రతో విసిరిందట. అరగంటకు తేరుకుని ఆటోలో ఇంటికి వెళ్ళింది.

నేను పదకొండింటికి పట్టిక పెట్టాను. మావాళ్ళు 17 మంది పూర్తిచేశారు, రెండు పతకాలు, నలుగురికి సొంత రికార్డులు. మామూలుగానే చప్పట్ల బొమ్మలు వరస కట్టాయి. సాయంత్రం నర్సు ఫోను చేసింది. ‘అన్నయ్యా, నా పేరేది?’ అంది. పూర్తి చేయనివాళ్ళ పేర్లు వేయడం మనకు అలవాటు లేదమ్మా, నీకే చిన్నతనంగా ఉంటుందని, అన్నాను. ‘రెండు కిలోమీటర్లు మిగిలిపోయాయని ఎనిమిది కిలోమీటర్లు పరుగెత్తలేదంటారా? నేను ఆగినందుకే ఇవాళ డ్యూటీకి వెళుతున్నాను. ఆగకపోతే పేషెంటుగా వెళ్ళేదాన్ని’ అంది. కోపంగా కూడా అనలేదు. మందుల చీటీ చదివినట్లు చదివింది.

పరుగు పెట్టేవాళ్ళ భాషలో దాన్ని డీఎన్ఎఫ్ అంటారు, డిడ్ నాట్ ఫినిష్, అంటే పూర్తిచేయలేదని. ఆ మూడక్షరాలను మేము దాదాపు చావు కబురులా దాచిపెడతాం. నేనే ఆరేళ్ళు దాచిపెట్టాను. ఆలోచిస్తే, వేసవి పోటీలో మా సంఘానికి నిజంగా పనికివచ్చే ఫలితం ఆ రోజు నర్సుదే. చలి పుట్టడం ప్రమాదానికి గుర్తని ఆమెకు తెలుసు, అందుకే ఆగింది. మిగతా 17 మందిలో ఎంతమందికి తెలుసు? ఆమె పేరు పట్టికలో ఉండి ఉంటే, ‘8.2 కిలోమీటర్ల దగ్గర చలి పుట్టి ఆగింది’ అని పక్కన రాసి ఉంటే, ఆ ఒక్క వరుస నాలుగు సొంత రికార్డుల కన్నా ఎక్కువమందికి ఉపయోగపడేది. పేరు లేకపోవడం వల్ల ఏమి నేర్పాం? ఆగితే పట్టికలోంచి పోతావని నేర్పాం. 2015 ఎండల్లో మన రాష్ట్రంలోనే వెయ్యిమందికి పైగా పోయారు. వాళ్ళలో చాలామంది ఎండలో పనికి వెళ్ళక తప్పనివాళ్ళు. ఆగే వీలు ఉన్న మనం, ఆగినవాళ్ళను చూసి మొహం తిప్పుకోవడం ఏమి మర్యాద?

అమెరికాలో ఫాల్‌మత్ అనే ఊళ్ళో ఏటా ఆగస్టులో 7 మైళ్ళ రోడ్డు పోటీ జరుగుతుంది. మన పది కిలోమీటర్లకు కొంచెం ఎక్కువ. వేసవి ఉక్కకు అది పేరుమోసిన పోటీ. అక్కడి వైద్యులు 18 పోటీల్లో వడదెబ్బ తగిలినవాళ్ళను లెక్కగట్టారు. 274 మంది. అందరూ బతికారు. గీత దగ్గరే మంచునీళ్ళ తొట్లు పెట్టుకుని, మనిషి పడిపోగానే మెడ దాకా అందులో ముంచుతారు. ఆసుపత్రికి తరలించడం ఆ తర్వాతి మాట. మన దగ్గర గీత పక్కన అంబులెన్సు ఉంటుంది, పడిపోగానే అందులో వేసి ట్రాఫిక్‌లోకి పంపుతాం. చేపల మార్కెట్‌కు రోజూ లారీల్లో ఐసు దిమ్మలు దిగే ఊళ్ళో ఒక తొట్టి, నాలుగు దిమ్మలు తేవడం కష్టమా? ముఖ్య అతిథికి కప్పే శాలువా, చేతికిచ్చే జ్ఞాపిక ఖర్చుతో రెండు తొట్లు నిండుతాయి. ఈ సంగతి ఒక నిర్వాహకుడితో అంటే, తొట్టి చూస్తే జనం భయపడతారండీ అన్నాడు.

నీళ్ళ గురించి ఒక్కమాట. వేసవి అనగానే దొరికినచోటల్లా నీళ్ళు తాగమని పోరే పెద్దలు మాలోనూ ఉన్నారు. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే వందకు 13 మందిలో ఉప్పు ఉండాల్సినదాని కన్నా తగ్గి కనిపించింది. పరుగు సాగుతున్నంతసేపూ ఎక్కువెక్కువ తాగి, పరుగులో బరువు పెరిగినవాళ్ళే వాళ్ళలో ఎక్కువ. దాహమైనంత తాగి, చివర్లో ఉప్పేసిన మజ్జిగ పుచ్చుకోవడం మన ఇళ్ళలో తెలిసిన పద్ధతే.

అయిదో గడికి అభ్యంతరం చెప్పినవాళ్ళంతా తమ్ముడిలా ఆలోచించేవాళ్ళు కాదు. గుంటూరు నుంచి వచ్చే ఒక కుర్రవాడు, కంప్యూటర్ ఉద్యోగి, ఎదురు దిక్కు నుంచి వచ్చాడు. నా గడి చాలదంటాడు. అతని ఫోనులో ఒక యాప్ ఉంది. వేడి, తేమ అంకెలు అందిస్తే, ఇదే పరుగు చలికాలంలో ఎంతలో పూర్తయ్యేదో చెబుతుంది. అతను 58 నిమిషాలకు పూర్తిచేస్తే ఆ యాప్ 54 అంది. పట్టికలో 54 వేయమంటాడు.

నేను వేయను. పండగ రాయితీలా ఎండ రాయితీ ఇచ్చేస్తే ఇక సమయం ఎందుకు, అందరికీ నచ్చిన అంకె వేసుకుంటే పోయింది. వయసు లెక్క వేరు. ఒక్కొక్క వయసులో ప్రపంచంలో ఎవరు ఎంత వేగంగా పరుగెత్తారో రికార్డులున్నాయి, వాటిని బట్టి అరవై రెండేళ్ళ మనిషి 92 నిమిషాలను శాతంగా చెప్పవచ్చు. ఎండకు అలాంటి కొలబద్ద ఏది? ఒకే ఉక్క సన్నటి మనిషిని ఒకలా, భారీ మనిషిని ఒకలా పీడిస్తుంది. రోజంతా ఇస్త్రీ పెట్టె పక్కన నిలబడే తమ్ముడికీ, రాత్రంతా ఏసీలో పడుకుని లేచిన కుర్రవాడికీ ఒకే తగ్గింపు ఎలా కుదురుతుంది? పరుగు జరిగింది 58 నిమిషాలు. ఆ పక్కన 29, 26 అని రాస్తాను, జెండా ఎప్పుడు ఊపారో రాస్తాను. తీసివేతలు ఎవరికి వారు మనసులో చేసుకోవచ్చు. 1978లో జలంధర్‌లో శివనాథ్ సింగ్ మారథాన్‌ను 2 గంటల 12 నిమిషాల్లో పూర్తిచేశాడు. ఆ తర్వాత నాలుగు దశాబ్దాలకు పైగా ఏ భారతీయుడూ దాన్ని అందుకోలేకపోయాడు. ఆయన సమయంలోంచి ఎవరూ దేన్నీ తీసివేయలేదు.

కుర్రవాడితో వాదన ఇంకా తేలలేదు. అతను ఇప్పుడు తన 54 ను తన స్టేటస్‌లో పెట్టుకుంటున్నాడు. అది అతని ఇష్టం.

స్థానాల గడి గురించి కూడా నాకు చెప్పాలని ఉంది గాని చెబితే ఇంట్లో అన్నం పుట్టదు. అయినా చెబుతాను. వేసవిలో వచ్చేవాళ్ళు తక్కువ. అరవై పైబడిన మహిళల విభాగంలో ముగ్గురే ఉంటే మూడో స్థానం ఎలాగూ వస్తుంది. టీచరమ్మ గారు ఆ పతకం చేత్తో పట్టుకుని ‘ముగ్గురిలో మూడు అని కూడా రాయి నాయనా, లేకపోతే నా మనవరాలి ముందు మోసం చేసినట్లుంటుంది’ అన్నారు. అప్పటినుంచి ఎంతమందిలో ఎన్నో స్థానమో రాస్తున్నాను. దీనికి మాత్రం ఆమె తప్ప ఎవరూ ఒప్పుకోలేదు. ఇక దూరం సంగతి. చక్రం తిరుగుళ్ళు లెక్కగట్టే మీటరు అమర్చిన సైకిలు తొక్కి, దూరం తగ్గకుండా కిలోమీటరుకు మీటరు చొప్పున అదనంగా కలిపి కొలవడం పద్ధతి. మన పోటీల్లో చాలావరకు ఎవరో ఒకరి మోటారు సైకిలు మీటరే ప్రమాణం. ఎండ మండే మే నెలలో ఒకే పోటీలో తొమ్మిదిమంది సొంత రికార్డులు బద్దలు కొట్టారంటే నేను ముందు అనుమానించేది రోడ్డును.

ఇంత చెప్పాక, అసలు వేసవిలో పోటీలు మానేస్తే గొడవ వదిలిపోతుంది కదా అని మా ఆవిడే అడిగింది. మా కార్యవర్గంలో ఇద్దరు అదే అంటున్నారు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు, కాళ్ళు ఎంత అని. అందులో నాకు సగం సమ్మతమే. మే నెలలో 21 కిలోమీటర్ల హాఫ్ మారథాన్ పెట్టేవాళ్ళను, దానికి మావాళ్ళను పంపేవాళ్ళను నేను సమర్థించను. అయిదింటికి వదిలినా మూడు గంటల మనిషి ఎనిమిదింటికి చేరుతాడు. సాయంత్రం పోటీలూ వద్దు. పగలంతా తాగిన వేడిని రోడ్డు తిరిగి కక్కే వేళ అది.

పది కిలోమీటర్లు, అయిదు కిలోమీటర్లు మాత్రం మానకూడదు. ఎండకు ఒళ్ళు అలవాటు పడడానికి పది, పద్నాలుగు రోజులు పడుతుంది. రక్తంలో నీటి భాగం పెరుగుతుంది, చెమట ముందుగా మొదలవుతుంది, దాంట్లో ఉప్పు తగ్గుతుంది. వాడకపోతే కొన్ని వారాల్లో ఆ అలవాటు పోతుంది. నాలుగు నెలలు ఇంట్లో కూర్చున్న మనిషి వానాకాలం ఉక్కలో ఏ ఆగస్టులోనో హైదరాబాదు పోటీకి వెళ్ళి కొత్తగా కష్టపడతాడు. మెల్లగా, సమయం చూసుకోకుండా, వేసవంతా పరుగెత్తినవాడు అక్కడ హాయిగా ఉంటాడు. మన ఊరి ఎండ నుంచి మనకు దక్కే లాభం అదొక్కటే, దాన్నెందుకు వదులుకోవాలి? వేసవి పోటీల్లో పరుగెత్తాలి, సొంత రికార్డుల వేట మాత్రం మానాలి. ఈ మాట మీద కార్యవర్గ సమావేశంలో రెండు గంటలు వాదించుకుని, చివరికి పెసరట్లు తిని లేచాం. తీర్మానమేదీ రాయలేదు.

అయితే అయిదో గడి గీసిన రాత్రి ఒక ఇబ్బంది వచ్చింది. పాత పట్టికలన్నీ తెరిచి, పూర్తిచేయనివాళ్ళ పేర్లు గుర్తున్నంతవరకు చేరుస్తున్నాను. మూడేళ్ళ క్రితం మే నెల, గుంటూరు పోటీ దగ్గర చెయ్యి ఆగింది. ఆ పట్టికలో నా పేరు లేదు. నేను ఆ రోజు పరుగెత్తాను. పూర్తి కూడా చేశాను, గంటా 21 నిమిషాల్లో. చివరి మూడు కిలోమీటర్లు నడిచాను. మామూలుగా నేను గంటలోపు మనిషిని. గడియారం పనిచేయలేదని అందరికీ చెప్పి, నా వరుస వేయకుండా వదిలేశాను. ఎవరూ అడగలేదు. పట్టిక రాసేవాడిని ఎవరు అడుగుతారు?

మర్నాడు ఆ వరుస చేర్చి, గుంపులో పెట్టాను. పేరు, పది కిలోమీటర్లు, 1 గంట 21 నిమిషాలు, చివరి నుంచి నాలుగో స్థానం. ఎండ గడి దగ్గర గీత పెట్టాను, ఆ రోజు ఎంత వేడో, ఎంత తేమో నేను రాసిపెట్టుకోలేదు.

గంట తర్వాత లబ్బీపేట తమ్ముడి నుంచి ఫోను. కుట్టుమిషను చప్పుడు వినబడుతూనే ఉంది.

‘అన్నయ్యా, ఆ రోజు నేనూ ఉన్నాను. జెండా ఆరున్నరకు ఊపారు. రాసుకోండి.’

రాశాను. అతని వరుసలోనూ అదే రాయనా అని అడిగాను. మిషను ఆగింది. కాసేపటికి, ‘సరే, రాయండి. కానీ రెండో స్థానం అని మాత్రం కొంచెం ముదురు అక్షరాల్లో వేయండి’ అన్నాడు.